మంచినీళ్లకు పాజిటివ్

“నలభై వేల వైరస్ కేసులని ప్రభుత్వ ల్యాబ్ అంటోంది. నాలుగు వేలేనని డాక్టర్ల సంఘం అంటోంది. టీవీల్లో జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు” అన్నాడు బాస్. “పదకొండింటికి మంత్రి ల్యాబ్ లెక్క ప్రకటిస్తాడు. ఆ టెస్ట్ కిట్లను ఓ విదేశీ ముఠా పాడుచేసిందని నా అనుమానం. ప్రకటన అయ్యాక వాళ్లే గుట్టు బయటపెడతారు. ఇక జనం ఏ లెక్కనూ నమ్మరు. నిజంగా జబ్బొచ్చినవాడు కూడా ఆస్పత్రి గడప తొక్కడు.”

మిషన్ ఏజెంట్ ముంగిసది. కిట్ల వ్యాపారి వేషంలో ల్యాబ్‌లోకి వెళ్లాలి. లోపల మన మనిషి ఒక లేడీ డాక్టర్, కోడ్ పేరు వెన్నెల. ఆవిడతో మాట్లాడే అవకాశం కోసం ముంగిస మూడేళ్లుగా కాచుకుని ఉన్నాడు. అవసరమైతే అతని బదులు వెళ్లడానికి జూనియర్ ఏజెంట్ చిరుత సెంటు పూసుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ వాసనకే ముంగిసకు ఒళ్లు మండింది.

ల్యాబ్ గేటు దగ్గర ఒకటే రూలు. తెర వెనక ఎవరి ముక్కులో వాళ్లే పుల్ల పెట్టుకుని ర్యాపిడ్ టెస్ట్ చేసుకోవాలి. ఒక్క గీతయితే లోపలికి, రెండయితే ఐసొలేషన్ గదికి. ముంగిసకు మూడు రోజులుగా జలుబు. ఛాన్సు చిరుతకు పోతుందన్న భయంతో పుల్లను ముక్కులో పెట్టకుండా వాటర్ కూలర్ కింద తడిపాడు.

రెండు గీతలు పడ్డాయి.

“రెస్ట్ తీసుకో అన్నా, నేను చూసుకుంటాగా” అంటూ చిరుత, వేరే పెట్టెలోని కిట్‌లో తనకు ఒక్క గీతే రాగానే, బ్రీఫ్‌కేసు అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఐసొలేషన్ గదిలో ముంగిస రిస్ట్‌వాచ్ తెరమీద చిరుత బటన్ కెమెరా చూపిస్తున్నదంతా చూస్తూ కుళ్లిపోయాడు. వెన్నెల కాఫీ కలిపి ఇచ్చింది. చిరుత ఏదో జోకేశాడు. ఆవిడ అతని భుజం తట్టి, “కిట్లన్నీ భేషుగ్గా ఉన్నాయి” అంది. చిరుత ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ట్రాన్స్‌మిటర్‌లో కోడ్ చెప్పేశాడు. “ఆకాశం నిర్మలం.”

‘భేషుగ్గా ఉంటే నాకు రెండు గీతలెందుకు పడ్డాయి? నేను ముంచింది మంచినీళ్లలో కదా!’

చెబితే పరువు పోతుంది. చిరుత జీవితాంతం ఏడిపిస్తాడు. టైము పదీ నలభై. పళ్లు నూరుకుంటూ మైకు ఆన్ చేశాడు.

“సార్, నేను టెస్ట్‌లో మోసం చేశాను. పుల్ల ముక్కులో పెట్టలేదు, నీళ్లలో పెట్టాను. నీళ్లకి పాజిటివ్ వచ్చింది సార్!”

బాస్ గేటు బయటే వ్యాన్‌లో ఉన్నాడు. వెంటనే ముంగిస వాడిన పెట్టెలోంచి నాలుగు కిట్లు వ్యాన్‌లోకి తెప్పించి, తన సీసాలోని నీళ్లతోనే పరీక్షించాడు. పదిహేను నిమిషాల్లో నాలుగింటికీ రెండేసి గీతలు.

పదీ యాభై తొమ్మిదికి మంత్రి మైకు ముందు గొంతు సవరించుకుంటుండగా ఎవరో చెవిలో ఊదారు. ప్రకటన ఆగిపోయింది. భేషుగ్గా ఉన్నాయన్న వెన్నెలను నిలదీస్తే నిజం బయటపడింది, కిట్లు మార్చింది ఆవిడే. జీతం మన దగ్గర, పని ముఠాకి. సంకెళ్లు వేస్తుంటే కూడా చిరుతను చూసి నవ్వింది.

మూడు రోజులకు కొత్త కిట్లు వచ్చాక అందరికీ మళ్లీ టెస్ట్ చేశారు. ఈసారి ముంగిస పుల్లను ముక్కులోనే పెట్టుకున్నాడు. నెగెటివ్. ఉత్త జలుబే.

“వెన్నెలకి పాజిటివ్. ఆనుకుని కూర్చున్నందుకు చిరుతకీ పాజిటివ్” అన్నాడు బాస్. “పధ్నాలుగు రోజులు ఇద్దరినీ పక్కపక్క గదుల్లో పెడుతున్నాం. ఇక నువ్వింటికి పో.”

ముంగిస కదల్లేదు.

“సార్, నాకింకో టెస్ట్ చేయించండి. ఈ కొత్త కిట్ల మీద నాకు నమ్మకం లేదు.”