శనివారం క్లచ్ పాఠాలు

"అది మా ఆవిడ చోటండీ," అన్నాడు తాతయ్య.

ప్రార్థన మందిరంలో కిటికీ పక్కనున్న బెంచీ అది. అక్కడ కూర్చున్నావిడ తలెత్తి చూసింది. నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు, ఒళ్ళో తడిసిన గొడుగు. అరవై దాటి ఉంటాయి.

"అయ్యో, తెలీదండీ. ఆవిడ రాగానే లేస్తాను."

"రాదు."

"ఇవాళ రారా?"

"చనిపోయింది. రెండేళ్ళయింది."

ఆవిడ గబుక్కున లేవబోయింది. గొడుగు జారి కింద పడింది. దాన్ని అందుకోవడానికి ఇద్దరూ ఒకేసారి వంగారు, తలలు టంగుమన్నాయి. ముందు వరసవాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. తాతయ్య వెనకే నిలబడ్డ మనవరాలు చిట్టి నవ్వాపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ నుదురు రుద్దుకుంటూ వెళ్ళి చివరి వరసలో కూర్చుంది. తాతయ్య తన చోట తాను కూర్చున్నాడు. పక్కన భార్య చోటు ఎప్పట్లాగే ఖాళీ.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన సిటీ బస్సు డ్రైవరు. మంచి గొంతు. ఆయన పాడుతుంటే బస్సుకి హారన్ అక్కర్లేదని కండక్టర్లు ఏడిపించేవాళ్ళు. భార్య పోయాక కూతురి ఇంటికి వచ్చేశాడు. అప్పట్నుంచీ ఆయన మాటలు "ఆఁ", "ఊఁ", "సరే" దగ్గర ఆగిపోయాయి. మందిరానికి మాత్రం వారం వారం వస్తాడు. అందరూ లేచి పాడుతుంటే ఈయనా లేస్తాడు, పెదవి కదపడు. దేవుడి మీద కోపమేం లేదు. ఆయనతో ఏం మాట్లాడాలో తోచట్లేదు, అంతే.

తిరిగొచ్చేటప్పుడు చిట్టి మొదలుపెట్టింది.

"పాపం, ఆవిణ్ణి లేపేశావు తాతయ్యా."

"నేను లేపలేదే. తనే లేచింది."

"చనిపోయినవాళ్ళ సీటని చెప్తే ఎవరు మాత్రం కూర్చుంటారు? ఆవిడ మన వీధి చివర కొత్తగా షాపు పెట్టిన టైలరమ్మ. వెళ్ళి సారీ చెప్పు."

"సారీ చెప్పడానికి షాపుకి వెళ్తారా ఎవరైనా?"

"ప్యాంట్లు పట్టుకెళ్ళు. నీవన్నీ జారిపోతూనే ఉన్నాయిగా."

అది నిజమే. ఈ రెండేళ్ళలో మనిషి సగమయ్యాడు.

మర్నాడు రెండు ప్యాంట్లు సంచిలో పెట్టుకుని వెళ్ళాడు. చిన్న గది. గోడంతా రంగురంగుల దారపు రీళ్ళు. చెక్కబొమ్మకి సగం కుట్టిన కోటు వేలాడుతోంది. ఇస్త్రీ ఆవిరి వాసన. టైలరమ్మ మిషను ఆపి ఆయన వైపు చూసింది, వెంటనే చెయ్యి నుదుటి మీదకి వెళ్ళింది.

"మళ్ళీ గుద్దుతారా?"

"లేదండీ. ప్యాంట్లు బిగించాలి."

"నడుము కొలతెంత?"

"నాకు తెలీదు. మా ఆవిడకి తెలుసు."

టైలరమ్మ లేచింది. టేపు తెచ్చి కొలిచింది, చూసి మళ్ళీ కొలిచింది.

"ఆవిడకి తెలిసిన నడుము ఇది కాదు లెండి. వేళకి తింటున్నారా?"

"తింటున్నాను."

"మీ ప్యాంటు అలా చెప్పట్లేదు."

తాతయ్యకి నవ్వొచ్చింది. వచ్చిన పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. "నిన్న నేను అలా అనకుండా ఉండాల్సింది. ఆ బెంచీ ఏమన్నా నా పేర రాసిచ్చారా."

"నాకేం తప్పనిపించలేదండీ," అందామె, సుద్దతో గుడ్డ మీద గీత గీస్తూ. "అలా చోటు పట్టి ఉంచడానికి నాకెవరూ లేరు. మంచంలో ఉన్న అమ్మని చూసుకుంటుంటే పెళ్ళి వయసు దాటిపోయింది. తర్వాత నేనూ తమ్ముడూ. వాడూ పోయాడు. పోతూ పోతూ ఓ కారు నా నెత్తిన పెట్టిపోయాడు."

షాపు వెనక ముసుగేసి ఉంది ఆ కారు. చిన్నది, నీలంరంగు. తాతయ్య ముసుగెత్తి, వంగి, టైర్లని చేత్తో నొక్కి చూశాడు. చాలాకాలానికి ఒక బండిని తాకాడు.

"బండి బంగారంలా ఉందండీ. నడపరేం?"

"రాదు. నేర్చుకుందామని డ్రైవింగ్ స్కూలుకి వెళ్తే, ఈ వయసులో మీకెందుకండీ అన్నాడు అక్కడి మాస్టారు. తిరిగొచ్చేశాను."

"క్లచ్ అంటే తెలుసా?"

"పేరు విన్నాను. పరిచయం లేదు."

"శనివారం పొద్దున ఖాళీయేనా?" అనేశాడు తాతయ్య. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి ఆయనే కాస్త కంగారుపడ్డాడు.

మార్కెట్ యార్డు శనివారం సెలవు. చుట్టూ మూసిన షట్టర్లు, మధ్యలో విశాలమైన సిమెంటు నేల. పాఠాలు అక్కడ మొదలయ్యాయి.

"ఎడమ కాలు మెల్లగా వదలండి. మెల్లగా."

కారు కప్పలా రెండు గెంతులు గెంతి ఆగిపోయింది.

"చచ్చిపోయింది," అంది టైలరమ్మ బిక్కమొహంతో.

"చావలేదు, అలిగింది. మళ్ళీ తాళం తిప్పండి."

"మిషను తొక్కి తొక్కి ఉన్న కాళ్ళండీ ఇవి. మెల్లగా అంటే వాటికి అర్థం కాదు."

"మరి స్టీరింగెందుకు అలా పిసుకుతున్నారు? పట్టుగుడ్డ కుట్టేటప్పుడు ఎలా పట్టుకుంటారు? అలా పట్టుకోండి."

ఆవిడ చేతులు వదులయ్యాయి. కారు ఈసారి గెంతలేదు, కదిలింది. యార్డు అటు చివరి దాకా వెళ్ళింది. అక్కడ బ్రేకు ఆలస్యంగా గుర్తొచ్చి ఓ ఖాళీ తట్టల గుట్టని పడేసింది. ఇద్దరూ దిగి తట్టలు పేర్చారు. పేర్చుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు.

ఇంకో శనివారం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. ఆవిడ వైపర్ అనుకుని ఒకటి నొక్కితే హారన్ మోగింది, ఇంకోటి తిప్పితే ఇండికేటర్ కన్నుకొట్టింది.

"ఎవరికండీ సైగలు చేస్తున్నారు?" అన్నాడు తాతయ్య.

"వానకి. ఆగమని."

వాన ఆగలేదు. బండి ఆపేసి ఫ్లాస్కులో టీ పోసిచ్చిందామె. అద్దాలకి ఆవిరి పట్టి బయటి లోకం మసకబారింది. "మీ ఆవిడ ఎలా ఉండేవారండీ?" అని అడిగింది, అద్దం వైపు చూస్తూ.

తాతయ్య టీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. శుక్రవారం సాయంత్రాలు భార్య ఆయన బస్సెక్కేది. ఎక్కడికీ వెళ్ళేపని లేదు. డ్రైవరు సీటు వెనకే కూర్చుని చివరి స్టాపు దాకా వెళ్ళి, మళ్ళీ అదే బస్సులో వెనక్కొచ్చేది. ప్రయాణికుల ముందు మాట్లాడుకునే వీల్లేదు. ఆయన అద్దంలో చూసేవాడు, ఆవిడ మూతి తిప్పుకునేది. అదే వాళ్ళ షికారు.

చెప్తూ చెప్తూ తాను నవ్వుతున్నట్టు ఆయనకి ఆలస్యంగా తెలిసింది.

ఆ ఆదివారం మందిరంలో అందరూ పాట అందుకున్నారు. రెండో చరణం దగ్గర ఓ బరువైన గొంతు కలిసింది. తుప్పు పట్టి, అక్కడక్కడా జీరపోతూ. చిట్టి పాడటం మానేసి తాతయ్య వంక చూస్తూ ఉండిపోయింది.

తర్వాతి ఆదివారం తాతయ్య కిటికీ పక్క బెంచీ దగ్గర ఒక్క క్షణం నిలబడి, నేరుగా చివరి వరసకి నడిచాడు.

"ఇక్కడెవరైనా వస్తారాండీ?"

"ఎవరూ రారు. కూర్చోండి," అంది టైలరమ్మ, గొడుగు తీసి అటు పెట్టుకుంటూ.

మందిరంలోనే ఉన్న ఆయన కూతురు ఇది చూసింది. ఇంటికొచ్చేదాకా పెదవి విప్పలేదు. మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అంది.

"అమ్మ చోటు వదిలేశావు నాన్నా."

కూతురి చేతిలో దుప్పటి మడతపడి, మళ్ళీ విడిపోయి, మళ్ళీ మడతపడింది. అంతకుమించి ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

శనివారం వచ్చింది. తాతయ్య గడప దాటలేదు. ఆ తర్వాతి శనివారమూ అంతే. మందిరంలో మళ్ళీ కిటికీ పక్కకే చేరాడు, నోరు మళ్ళీ మూతపడింది.

"ఆవిడ యార్డులో కారులోనే కూర్చుని నీకోసం ఎదురు చూసిందట తాతయ్యా," అంది చిట్టి, కుట్టు పూర్తయినా ఇన్నాళ్ళూ ఆయన తెచ్చుకోని ప్యాంట్లు మంచం మీద పెడుతూ. "ఇవి నా చేతికిచ్చింది."

"ఏమన్నా చెప్పిందా?"

"ఏం చెప్పలేదు. అదే బాలేదు."

తాతయ్య ప్యాంటు తొడుక్కున్నాడు. నడుముకి అతికినట్టు సరిపోయింది. దాంతోనే మంచం మీద కూర్చుండిపోయాడు.

కూతురు అది గుమ్మంలోంచి చూసింది. ఆ సాయంత్రం బఠాణీల గిన్నె పట్టుకుని వచ్చి ఆయన పక్కన చతికిలబడింది. ఇద్దరూ కాసేపు కాయలు ఒలిచారు.

"నాన్నా, ఆవిడతో మాట్లాడొద్దని నేనన్నానా?"

"అనలేదు. నీకు కష్టమనిపించిందని..."

"కష్టమే అనిపించింది. ఎందుకో నువ్వడగలేదు." ఆమె గిన్నె పక్కకి నెట్టింది. "అమ్మ పోయాక నాతో నాలుగు మాటలు మాట్లాడావా? నువ్వు పక్కగదిలో ఉంటే నేను ఈ గదిలో ఒక్కదాన్నే ఏడ్చుకున్నాను. ఎవరో టైలరమ్మకి శుక్రవారం బస్సు సంగతి చెప్పావట. నీ కబుర్లన్నీ ఆవిడ చిట్టికి చెప్పి మురిసిపోతోంది. అమ్మ షికారుకి బస్సెక్కేదని నేను బయటివాళ్ళ నోట వినాలా?"

తాతయ్య చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కూతురికి తన మీద కోపం ఉందనుకున్నాడు గానీ, ఆ కోపం ఇందుకని ఆయన ఊహించలేదు.

"నువ్వచ్చం మీ అమ్మేనే," అన్నాడు చివరికి. "ఆ కళ్ళు, ఆ మూతి తిప్పడం. నీతో చెబుదామని నోరు తెరిస్తే గొంతు పట్టేసేది. ఆవిడ కొత్త మనిషి కాబట్టి చెప్పగలిగాను."

"గొంతు పట్టేస్తే పట్టనీ. ఇప్పుడు నాకు చెప్పు."

చెప్పాడు. బస్సు సంగతీ, కొత్తకాపురంలో అలకలూ, ఆసుపత్రిలో చివరిరోజు ఆవిడ తన చెయ్యి పట్టుకుని "వేళకి తిను" అన్న సంగతీ. గొంతు పట్టేసినప్పుడల్లా ఆగాడు. ఆగినప్పుడల్లా కూతురు ఆగింది. అల్లుడు టీ కప్పులతో వచ్చి, తండ్రీకూతుళ్ళు ఒకేసారి ఏడుస్తూ నవ్వుతూ ఉండటం చూసి, కప్పులు చప్పుడు కాకుండా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"ఆవిడకి లైసెన్సు టెస్టెప్పుడు?" అంది కూతురు కళ్ళు తుడుచుకుంటూ.

"బుధవారం."

"నేను సెలవు పెడతాను. చిట్టినీ తీసుకుని ముగ్గురం వెళ్దాం."

బుధవారం డ్రైవింగ్ టెస్టు మైదానం దగ్గర టైలరమ్మ వరసలో నిలబడి ఉంది. చేతిలో కాగితాలు నలిగిపోయాయి. తాతయ్యని చూసి ముఖం పక్కకి తిప్పుకుంది.

"ఇప్పుడా రావడం?"

"తప్పే."

"నాతో కనబడటానికి సిగ్గుపడ్డారనుకున్నాను."

"సిగ్గు కాదండీ. ధైర్యం చాల్లేదు."

"ఇందులో నా పాత్ర కూడా ఉందండీ," అంది కూతురు ముందుకొచ్చి. "మా నాన్న మీద అలిగాను. కబుర్లన్నీ మీకే చెప్పేస్తున్నారని."

టైలరమ్మ ఆమెని పరీక్షగా చూసింది. "మీరు అలగాల్సిందే. నేనైనా అలుగుతాను," అంది. ఇద్దరూ నవ్వేశారు. ఇంతలో టైలరమ్మ వంతొచ్చింది.

నీలం కారు మైదానంలోకి వెళ్ళింది. మలుపులు బాగానే తిరిగింది. మైదానం చివర ఎత్తెక్కే చోట ఆగింది. ఆగి, కొంచెం వెనక్కి జారింది. తాతయ్య కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. రెండేళ్ళ తర్వాత ఆయన దేవుణ్ణి ఒకటి కావాలని అడిగాడు. కళ్ళు తెరిచేసరికి కారు ఎత్తు మీద ఉంది.

ఆవిడ దిగి వచ్చింది, ముఖమంతా చెమటా వెలుగూ.

"పాసయ్యానండీ." ఓ క్షణం ఆగింది. "అంటే, ఇక శనివారాలు మీకు ఖాళీ."

తాతయ్య కూతురి వంక చూశాడు. కూతురు "చెప్పు నాన్నా" అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"నాకు ఖాళీ అక్కర్లేదండీ," అన్నాడాయన. "మిగతా రోజులు కూడా మీతో ఉంటే బావుండనిపిస్తోంది. దీని గురించి దేవుణ్ణి కూడా అడిగాను."

"ఏమన్నాడు?"

"మిమ్మల్నే అడగమన్నాడు."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ఓ గదిలో పడుకున్నదాన్ని. గురక పెడతారా?"

"కొంచెం."

"గోడవతలికి వినిపిస్తుందండీ," అంది చిట్టి.

"నువ్వూరుకోవే," అంది కూతురు. తర్వాత టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "మా అమ్మ చోటు మా అమ్మదేనండీ. దాని గురించి మీరేం బెంగపెట్టుకోకండి. మీ కోసం మేం వేరే చోటు చేస్తాం."

టైలరమ్మ ఆ చేతిని గట్టిగా నొక్కింది. తర్వాత కారు తలుపు తీసింది. "ఎక్కండి అందరూ. మా ఇంట్లో టీ తాగుదురు గాని. దారిలో ఆలోచించి చెప్తాను."

వెనక సీట్లో తల్లీకూతుళ్ళు ఇరుక్కున్నారు. తాతయ్య ముందు కూర్చున్నాడు. మొదటి మలుపు బండి మెల్లగా తిరిగింది. రెండో మలుపు దగ్గర ఎర్రలైటు పడింది. కారు ఆగింది.

"సరేనండీ," అంది టైలరమ్మ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"ఏం సరే?"

"మీరడిగినదానికి."

తాతయ్య ఆవిడ వైపు తిరిగాడు. ఆవిడా తిరిగింది. లైటు ఎప్పుడు పచ్చగా మారిందో ఇద్దరూ చూడలేదు. వెనకున్న బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టాయి.

"కాస్త ఆగండయ్యా, ఇక్కడ పెళ్ళిమాటలు నడుస్తున్నాయి," అని అద్దంలోకి చూసి చెప్పి, టైలరమ్మ బండిని ముందుకి పోనిచ్చింది.