మెయిన్ దించిన ఇల్లు

కూర్మన్నపాలెంలో రెండో సందు చివరింటికి మంచి పేరు లేదు. అందులో అద్దెకున్నతను ముందుగదిలో ఫ్యాను కొక్కేనికి ఉరేసుకున్నాడు. ఆ తర్వాత రెండేళ్లు ఆ గుమ్మం తొక్కినవాళ్లు లేరు.

తొక్కినవాడు తాతబాబు. స్టీలు ప్లాంటులో ఉద్యోగం. సగం అద్దెకి వస్తోందని దిగాడు. "దెయ్యముంటే మరీ మంచిది బావా. దానికి లైటక్కర్లేదు, ఫ్యానక్కర్లేదు," అన్నాడు పక్కింటి పోలిరాజుతో.

కరెంటు పొదుపు మీద అతని నీతులు వినని చెవి ఆ సందులో లేదు. పోలిరాజు వరండాలో బల్బు వెలిగితే చాలు, గోడ మీంచి తల పైకి లేచేది. తొంభై తొమ్మిది మే నెలలో తాతబాబు పెళ్లాంపిల్లల్తో నర్సీపట్నం అత్తారింటికి బయల్దేరాడు. ప్లగ్గులన్నీ పీకేసి, మెయిన్ దించేసి, ఆటోని ఆపి మరీ ఉపన్యాసమిచ్చాడు.

"నెల్రోజులు మీటరు సక్రం కదల్దు. సూసి నేర్సుకో బావా."

పోలిరాజుకి ఒళ్లు మండింది. "ఆ సీకట్లోనే పడి సావు!" అనేశాడు.

వారం తిరక్కుండానే ఆ ఇంట్లోంచి వాసన మొదలైంది. ఎలుక చచ్చిందేమో అనుకున్నారు. రోజురోజుకీ ముదిరింది... కిటికీ అద్దానికి లోపలివైపు ఈగలు నల్లగా ముసిరాయి. చీకటి పడితే చాలు, లోపల చప్పుడు — టక్... టక్... కాసేపాగి — మళ్లీ టక్.

"ఆ ఉరేసుకున్నోడే మావా," అంది పోలిరాజు భార్య మంగాయమ్మ.

తొమ్మిదో రోజున పోలిరాజు ఎస్టీడీ బూత్ నుంచి నర్సీపట్నం ఫోన్ చేశాడు. తాతబాబు బావమరిది ఎత్తాడు.

"మా బావా? డూటీ ఉందని ఒక్కడే ఎల్లిపోయేడు కదా, అయిదు రోజులైంది. ఏటి, ఇంటికాడ లేడా?"

పోలిరాజు ఫోను పెట్టేసి ఇంటికి పరిగెత్తాడు.

తాతబాబు ఇంటి తలుపుకి బయట తాళంకప్ప ఉండదు. తలుపులోనే తాళం. లోపల మనిషి ఉన్నదీ లేనిదీ బయటికి తెలీదు... అయిదు రోజులు... వాసన... తన నోట్లోంచి వచ్చిన మాట...

పొద్దుగూకుతుండగా గునపంతో వెనక తలుపు గడియ పీకాడు. వెనకాలే మంగాయమ్మ — ముక్కుకి కొంగు, చేతిలో టార్చి.

ముందుగదిలో టార్చి వెలుగు మెల్లగా పైకి పాకింది. గోడ... పైకప్పు... కొక్కెం.

ఖాళీ.

"బావా..." గుసగుసగా పిలిచాడు పోలిరాజు.

టక్!

వంటగదిలో.

అటు అడుగేశాడు. అరికాలికి ఏదో జిగురుగా తగిలింది. టార్చి కిందికి తిప్పితే — ఎర్రగా, నల్లగా... వంటగదిలోంచి సన్నటి ధార.

"సాలు మావా, ఎల్లిపోదాం..."

"నాను రానే. సావమని అన్నోణ్ని నానే కదా."

తడుముకుంటూ మెయిన్ ఎత్తాడు. స్విచ్చి నొక్కాడు. వంటగదిలో భళ్లున వెలుతురు — ఫ్రిజ్ తలుపుని పంజాతో బాదుతున్న పిల్లి ఒక్క గెంతున వెంటిలేటర్లోంచి బయటికి దూకేసింది.

ఫ్రిజ్ కింద మడుగు. తలుపు లాగాడు.

రెండు వంజరాలు, అరనిండా రొయ్యలు. ఉబ్బి, కుళ్లి, పురుగులు పట్టి...

"మనిషి కాదే... సేపలు! సేపలే!" పోలిరాజు గోడకి జారగిలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడే ముందు తలుపులో తాళంచెవి తిరిగింది. తాతబాబు! చేతిలో సంచి, నిగనిగలాడే మొహం.

"ఇన్ని రోజులెక్కడున్నావు బావా?"

"అనకాపల్లి, మా అక్క ఇంటికాడ. డూటీకీ అట్నుంచే. ఈ ఎండల్లో ఇక్కడుంటే ఫ్యానెయ్యాల కదా. ఆళ్లకి కూలరుంది. రాత్రీ పగలూ ఏసుకుని పడుకున్నాను... కరెంటు ఆళ్లదే కదా."

అప్పుడు తగిలింది వాసన. ముక్కు మూసుకున్నాడు. మడుగు వైపు చూడలేదు, పీకేసిన గడియ వైపు చూడలేదు. వెలుగుతున్న బల్బు వైపు చూశాడు.

"మెయినెవడేసేడు?"

పోలిరాజు ఫ్రిజ్ అర ఊడలాగి, ఉన్నదున్నట్టు తాతబాబు కాళ్ల మీద కుమ్మరించి, పెళ్లాం చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు.