మేష్టారి విసనకర్రలు

"మేష్టారూ, పిల్లల చేత విసనకర్రలు చేయిస్తున్నారా, అప్పడాలు చేయిస్తున్నారా?"

అంకమ్మరావు తలెత్తి చూశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఒక చేత్తో మూడో తరగతి మాణిక్యం రెక్క పట్టుకుంది, రెండో చేత్తో ఎండి గొట్టంలా చుట్టుకుపోయిన తాటాకు పట్టుకుంది. చాలా కోపంగా ఉంది. అంత కోపంలోనూ అంత బాగుండడం ఏం న్యాయమో అతనికి అర్థం కాలేదు.

"మీరు..."

"దీని మేనత్తని. నాగమల్లేశ్వరి. ఆకు చదును కావడం లేదని ఇది రాత్రి అన్నం కూడా తినలేదు."

ఆ ఏడు, అంటే నలభై ఆరులో, శివరాత్రి వెళ్ళీ వెళ్ళకుండానే బెజవాడ వన్ టౌన్‌లో ఎండలు ముదిరాయి. మన అంకమ్మరావు అక్కడి చిన్న బళ్ళో కొత్త మేష్టరు. ఉద్యోగం ఇంకా టెంపరరీ. చదువుతో పాటు చేతిపని కూడా నేర్పాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. వచ్చే శనివారం ఇనస్పెక్టరుకి పిల్లలు చేసిన వస్తువులు చూపించలేకపోతే, పెట్టె సర్దుకుని సొంతూరు గన్నవరం బస్సెక్కాల్సిందే. పోనీ విసనకర్ర చెయ్యడం ఎక్కడైనా నేర్చుకున్నాడా అంటే, అదీ లేదు మహానుభావుడు.

"ఆకులు ఎక్కడ ఎండబెట్టారు?" అంది నాగమల్లేశ్వరి.

"డాబా మీదండీ. మంచి ఎండ."

"అదీ సంగతి. గంజి పెట్టిన మగ్గం పడుగునే మేం పొద్దుటెండలో ఆరబెడతాం, మండుటెండకి నూలు పెళుసెక్కుతుందని. లేతాకు మాత్రం ఊరుకుంటుందా?"

"మాదీ నేతిల్లేనండీ. మా నాన్న మగ్గం మానేసి బట్టల కొట్టు పెట్టారు."

"అందుకే మీ చేతులు ఇలా తయారయ్యాయి."

పిల్లలు పకపకా నవ్వారు. మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. కానీ మర్నాడు ఆమె లేతాకుల మోపుతో వచ్చేసరికి, ఎందుకైనా మంచిదని అతను ఉతికిన లాల్చీ వేసుకుని ఉన్నాడు.

ఆకుల్ని నీడలో ఆరబెట్టించింది. వాటి మీద చెక్క పరిచి, పిల్లల్ని వంతుల వారీగా కూర్చోబెట్టింది. కదలకుండా కూర్చోవడం కూడా చదువేనని తెలిసి పిల్లలు పొంగిపోయారు. మూడోనాటికి ఆకులు చదునయ్యాయి. గుండ్రంగా కత్తిరించి, చుట్టూ రంగురంగుల గుడ్డ పేలికలు పెట్టి కుట్టడం మొదలుపెట్టారు. మేష్టారు కూడా సూది పట్టి పిల్లల మధ్య బాసింపట్టు వేశాడు. చూపు మాత్రం సూది మీద లేదు.

"మేష్టారూ, లేవకండి."

"ఏమండీ?"

"విసనకర్రతో పాటు మీ పంచె కూడా కుట్టేసుకున్నారు."

కుట్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూనే ఉంది. అతనికైతే లాల్చీ కూడా కలిపి కుట్టుకోనందుకు విచారంగా ఉంది.

తర్వాత ఆమె ఆ విసనకర్రతోనే అతనికేసి విసిరి చూసింది. "గాలి తగులుతోందా?"

"సరిగ్గా తెలియడం లేదండీ. ఇంకాస్త దగ్గరికి వచ్చి..."

"నేను విసరనా మేష్టారూ?" అంటూ మాణిక్యం మధ్యలో దూరింది.

శుక్రవారానికి ఇరవై విసనకర్రలూ పూర్తయ్యాయి. "ఇంక నాతో పనిలేదుగా" అంది నాగమల్లేశ్వరి, కత్తెర కోసం వెతుకుతూ. పనుందని అనబోయాడు. చివరికి "దారం మిగిలిందండీ" అన్నాడు. ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, కత్తెర కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అంకమ్మరావు తనని తాను తిట్టుకున్న తిట్లు పిల్లలు వినదగినవి కావు.

శనివారం ఇనస్పెక్టరు వచ్చారు. ఒక్కొక్క విసనకర్రా తిప్పి తిప్పి చూసి, కుట్టు లాగి చూసి, తృప్తిగా కాగితం తీశారు.

"బాగున్నాయి. మీరే నేర్పారా?"

ఒక్క 'అవును' చాలు, సంతకం పడిపోతుంది. మాణిక్యం అతన్నే చూస్తోంది.

"కాదండీ. ఈ పాప మేనత్త నేర్పారు. నేనూ పిల్లలతో పాటే నేర్చుకున్నాను."

ఆయన కలం ఆగింది. "బయటివాళ్ళు బళ్ళో నేర్పడానికి రూల్సు ఒప్పుకోవే. మేష్టారి ఇంటివాళ్ళు సాయపడితే అభ్యంతరం లేదు. ఆవిడ మీకేమవుతారు?"

ఏదో ఒక వరస చెప్పేస్తే ఉద్యోగం నిలుస్తుంది.

"ఇంకా ఏమీ కారండీ. కావాలని నాకు చాలా ఉంది. ఆవిడతో చెప్పే ధైర్యం రాలేదు."

"అత్త అక్కడే ఉంది మేష్టారూ" అంది మాణిక్యం.

నిజమే. కత్తెర కోసం వచ్చిన నాగమల్లేశ్వరి గుమ్మంలో నిలబడి ఉంది. వెళ్ళిపోతుందేమోనని అతను భయపడ్డాడు. ఆమె వెళ్ళలేదు. పమిట భుజం చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చింది.

"అయ్యగారూ, ఆ కాగితం సోమవారం దాకా ఆపగలరా? రేపు మా నాన్న ఇంట్లోనే ఉంటాడు. మేష్టారు వచ్చి అడుగుతారు."

ఇనస్పెక్టరు కళ్ళజోడు సవరించుకున్నారు. "మీ నాన్న ఒప్పుకోకపోతేనో?"

"నేను ఒప్పుకున్నానని చెబితే ఒప్పుకుంటాడండీ."

అంకమ్మరావు పక్కనున్న పిల్లల బల్ల మీద కూలబడ్డాడు. ఇరవై మంది పిల్లలూ ఇరవై విసనకర్రలు తీసుకుని మేష్టారికి విసరడం మొదలుపెట్టారు.