ఏడో మెయిలుకు జవాబు

“దీన్ని బయటికి పంపడానికి వీల్లేదు,” అంది ఆమె, తన కాగితాల మీద నీళ్ళు కారుస్తున్న అతని గొడుగును పక్కకు నెట్టి.

ఆఫీసులో ఆమెను బ్రేకులు అనేవారు, అతన్ని హడావిడి అనేవారు. ఎవరో రాసి అందరికీ వదిలిన కోడ్ లైబ్రరీలు ఏ లైసెన్స్‌తో ఏ షరతులపై వచ్చాయో చూడడం ఆమె ఉద్యోగం. చూడకుండా పరిగెత్తడం అతని అలవాటు.

“మళ్ళీ ఏమైంది తల్లీ?”

“రెండు లైబ్రరీలు కలిపావు. తన మీద కొత్త షరతు ఒక్కటి కూడా పెట్టొద్దంటుంది టైప్ చేసింది పలికే ఆ గొంతు లైబ్రరీ. రెండోది తన షరతులు లేకుండా రానంటుంది. ఇంట్లో వాడుకో, ఎవరూ అడగరు. ఆసుపత్రికి ఇస్తే మాత్రం తప్పే.”

“అత్తాకోడళ్ళన్నమాట!” నవ్వాడు గానీ మొహం పాలిపోయింది. ఆపరేషన్‌లో గొంతు పోయినవాళ్ళు టైప్ చేస్తే పైకి చదివే ప్రోగ్రాం అది. ఆ వార్డులో వాళ్ళ నాన్న కూడా ఉన్నాడు. “ఆ గొంతు లైబ్రరీ రాసినవాడు ఒప్పుకుంటే?”

“ఒక్కడే రాశాడు. అదే లైసెన్స్ తరువాతి వెర్షన్ కింద కూడా వాడుకోవచ్చని ఒక్క వాక్యం చేరిస్తే చాలు.” ఆమె కిటికీలోంచి వానకేసి చూసింది. “చేర్చడు.”

“నీకెలా తెలుసు?”

ఆమె అతని గొడుగు తీసి చేతిలో పెట్టింది.

రెండు వారాల్లో అతను ఆ రాసినవాడికి ఏడు మెయిళ్ళు పంపాడు. ‘మా ఆఫీసులో ఒక రాక్షసి ఉంది, కళ్ళు మాత్రం చాలా బాగుంటాయి, దయచేసి కాపాడండి’ అన్నాడు నాలుగోదానిలో. ఏడోదానిలో ఒక్కటే ముక్క: ‘బతికున్నావా, చచ్చావా?’

ఆమె రెండు రోజులు ఆఫీసుకు రాలేదు. మూడోరోజు కళ్ళు వాచి వచ్చింది.

“చచ్చాడు. మూడేళ్ళయింది. మా అన్నయ్య.”

పోయినవాళ్ళ బట్టలు సర్దేస్తాం. వాళ్ళకు వచ్చే ఉత్తరాలను ఏం చేస్తాం? అన్నయ్య మెయిల్‌బాక్స్‌ను ఆమె రోజూ తెరిచి చూసుకునేది.

అతను కుర్చీలోంచి లేచాడు. “అన్నీ... చదివావా?”

“చదివాను. నాలుగోది రెండుసార్లు.”

“ముందే చెప్పొచ్చుగా!”

“అందులో వినిపించే గొంతు అన్నయ్యదే. పోయాక అమ్మా నేనూ ఒక్కసారి కూడా వినలేదు. హక్కులిప్పుడు అమ్మవి. సంతకం అడగడమంటే, వాడు పోయాడని ఆమెకు మళ్ళీ చెప్పడమే.”

“వద్దులే. వేరే లైబ్రరీతో మళ్ళీ రాస్తాను. రెండు నెలలు పడుతుంది, అంతే.”

“మీ నాన్నగారికి రెండు నెలలున్నాయా?”

అతను తల అడ్డంగా ఊపాడు. చేర్చాల్సిన ఆ ఒక్క వాక్యం ఆమె కాగితం మీద రాసింది.

ఆ సాయంత్రం ఆమె తల్లి ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుంది. “ఇది రాస్తే వాడి పేరు తీసేస్తారా?”

“తీయరమ్మా. ఎవరికిచ్చినా పేరు ఉంచి తీరాలి.”

అప్పుడు సంతకం పెట్టింది.

వార్డులో అతని తండ్రి ఒక్క వేలితో చాలాసేపు టైప్ చేశాడు. తల్లీకూతుళ్ళు, అతనూ మంచం పక్కన నిలబడ్డారు. మిషన్‌లోంచి పాతికేళ్ళ కుర్రాడి గొంతు పలికింది:

“అమ్మా, మీ అమ్మాయిని మా ఇంటికి పంపుతారా?”

తల్లి మంచం కమ్మీ పట్టుకుంది. కూతురికి వెతుక్కోకుండానే అతని చెయ్యి దొరికింది.

“పంపుతాను అన్నయ్యగారూ,” అంది తల్లి. “ఆ మొదటి మాట... ఇంకొక్కసారి అనిపించండి.”

ముసలి వేలు మళ్ళీ మెల్లగా కదిలింది.