తుడవొద్దన్న లెన్స్

"మన ల్యాబ్‌ల దొంగలెత్తుకపోయిన లెన్స్ నాలుగింటికి లారీ ఎక్కుతది," అన్నాడు చీఫ్ కిషన్ రావు. "ఎక్కిందంటే మన సరిహద్దు కెమెరాలు ఎంత దూరం చూస్తయో అవతలోళ్ళకు తెలిసిపోతది."

టైం రెండున్నర. హన్మకొండలో జిరాక్స్ షాపు పైన ఒక గది.

ఎదురుగా ఏజెంట్ కట్టమ్మ, ఆ ల్యాబ్‌లోనే ఆప్టిక్స్ ఇంజినీర్. పద్నాలుగు నెలలు కూర్చుని ఆ లెన్స్‌ను అరగదీసి, కోటింగ్ వేసింది ఆమే. సోమవారం కమిటీ దాన్ని చూడాలి. కమిటీకి నచ్చితే ఆమె ప్రాజెక్ట్ హెడ్, లేకపోతే మళ్ళీ అసిస్టెంట్. స్టేషన్ ఘన్‌పూర్ పక్కన వాళ్ళ ఊళ్ళో ఆప్టిక్స్ ఇంజినీర్ అంటే "కండ్లద్దాల షాపా బిడ్డా?" అని అడుగుతారు. ఆఫీసులో అదీ అడగరు. టీ చెప్పమంటారు.

"దాన్ని గుర్తుపట్టేది నువ్వొక్కదానివే," అన్నాడు చీఫ్. " ఈ కండ్లద్దాలు పెట్టుకో, నీ పవరే, లోపల కెమెరా ఉంది. అక్కడ మన మనిషి ఒకరున్నరు. ఎవరో చెప్పను. ఫికర్ చెయ్యకు."

మూడింటికి వరంగల్ కొత్తవాడ. నూలు చుట్టే కూలి వేషంలో జంపఖానాలు నేసే షెడ్డుకు వెళ్ళి, గేటు దగ్గర చీఫ్ ఇచ్చిన కోడ్ చెప్పింది.

"ఎర్రంచు జంపఖానా ఉందా?"

"అమ్ముడుపోయింది. నీలమే ఉంది."

జవాబు సరిపోయింది. కానీ చెప్పిన గొంతు ఆమెకు తెలుసు. పోయిన నెల ల్యాబ్‌కు కన్సల్టెంట్‌గా వచ్చిన శ్రావణి. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు.

"వేషం బాగుంది అక్కా," అంది శ్రావణి. కట్టమ్మ ముఖం మీది కళ్ళద్దాలు తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

నిమిషంలో కట్టమ్మ చేతులు మగ్గం గుంజకు కట్టేశారు. కళ్ళద్దాలు లేకపోతే ఆమెకు మూరెడు దూరం దాటి అంతా పొగమంచే. సరిహద్దు దాకా చూసే లెన్స్ చేసిన మనిషికి ఎదురుగా ఉన్న దొంగ కనిపించడం లేదు.

ఆ దొంగ భానుచందర్, పేరుకు కార్పెట్ల ఎక్స్‌పోర్టర్. పెట్టె తెరిచిన చప్పుడైంది. వీడియో కాల్‌లో విదేశీ బయ్యర్ గొంతు: "లేజర్ టెస్ట్ ఫస్ట్. లోడింగ్ లేటర్."

షెడ్డు నిండా నూలు దుమ్ము.

"లెన్స్ మీద దుమ్ము పడ్డది," అని భానుచందర్ జేబులోంచి గుడ్డ తీశాడు.

"తుడువకుండ్రి," అంది కట్టమ్మ. అనుకోకుండానే నోట్లోంచి వచ్చింది. "ఒట్టి గుడ్డతో రుద్దితే కోటింగ్ పోతది. ముందు ఊదాలె."

భానుచందర్ నవ్వాడు. "నాకు నేర్పుతున్నవా? నువ్వు నూలు చుట్టుకో పో."

అప్పుడు అర్థమైంది ఆమెకు. అతను వింటే లెన్స్ బతుకుతుంది, లారీ ఎక్కుతుంది. వినకపోతే కోటింగ్ పోయి లేజర్ టెస్ట్ తప్పుతుంది. పద్నాలుగు నెలలు పోతాయి, లారీ ఆగుతుంది.

"దండం పెడత సార్, తుడువకుండ్రి," అంది మళ్ళీ. ఈసారి అతను వినడని తెలిసే అంది. గొంతు వణికింది. అది మాత్రం నటన కాదు.

"ఆమె మాట వింటరా సార్?" అంది శ్రావణి. "ఇగో, ఈ జంపఖానా ముక్కతో గట్టిగ రుద్దుండ్రి."

పలక మీద ఇసుక రుద్దినట్టు చప్పుడు. చేతులు కట్టేసి ఉన్నాయి. చెవులు మూసుకునే దారి కూడా లేదు.

బయట లారీ స్టార్టయింది. లేజర్ వెలిగింది. గోడ మీద ఆవగింజంత చుక్క పడాల్సిన చోట ఎర్రటి మరక చాటంత పరుచుకుంది. కళ్ళద్దాలు లేని కట్టమ్మకూ కనిపించింది.

"డమ్మీ," అన్నాడు బయ్యర్. "డీల్ క్యాన్సిల్."

భానుచందర్ ఫోన్‌లో బతిమాలుతుండగానే శ్రావణి పిస్టల్ తీసింది. "చేతులు పైకి లేపుండ్రి సార్." గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది.

శ్రావణి కట్టు విప్పి, కళ్ళద్దాలు తిరిగి కట్టమ్మ ముఖానికి పెట్టింది. "చీఫ్ చెప్పిన మనిషిని నేనే అక్కా. బయ్యర్ ఫోన్ ట్రేసయ్యే దాక ఆగాల్సొచ్చింది. వేరే దారి దొరకలె."

కట్టమ్మ లెన్స్ చేతిలోకి తీసుకుంది. అలవాటుగా అంచులు మాత్రమే పట్టుకుంది.

సాయంత్రం అదే గదిలో చీఫ్ చెయ్యి కలిపాడు. "శభాష్. లెన్స్ ఇంకోటి చేద్దువుగని. కాని సోమవారం కమిటీకి చూపెట్టెటందుకు ఏం లేదు కద. ఈసారికి హెడ్‌గ మన ల్యాబ్ నవీన్‌ను పెడుతున్నం. ఏమనుకోకు."

తర్వాత ఆ లెన్స్‌ను లైటుకు ఎత్తి చూసి, కర్చీఫ్ తీశాడు. "జర గట్టిగ తుడిస్తే పోతదేమో ఈ మరక."

కట్టమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఆ మాట ఇవాళ అప్పటికే రెండుసార్లు చెప్పింది.