వస్తానని వెళ్ళిన అమ్మాయి

“స్టాప్, స్టాప్! నీ ‘భ’ నా మైకుని చంపేస్తోంది!”

హైమతో మణిదీప్ అన్న మొట్టమొదటి మాట అది. నమస్కారం లేదు, పేరేమిటని అడగడం లేదు. స్టూడియో అద్దానికి అవతల సౌండ్ చూస్తూ కూర్చున్నవాడు హెడ్‌ఫోన్స్ తీసేసి, చెవులు మూసుకుని మరీ అన్నాడు.

హైమకి ఒళ్ళు మండింది.

“భ అంటే భ లాగే పలుకుతారండీ. ఒత్తులు మింగేస్తే అది తెలుగెలా అవుతుంది?”

“మింగొద్దు. కొంచెం పక్కకి తిరిగి పలుకు. గాలంతా మైకులోకి కొడుతోంది.”

“పలుకు కాదు, పలకండి. మనకింకా పరిచయమే కాలేదు.”

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీరు అనాలా? మా ఇంట్లో ‘మీరు’ అంటే తాతయ్యకొక్కడికే. సారీ... అంటే మీరు తాతయ్యలా ఉన్నారని కాదు... ఐ మీన్...”

అంత కోపంలోనూ హైమకి నవ్వొచ్చింది. అది కనపడకుండా స్క్రిప్టు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఇంగ్లీషువాళ్ళ ఊరు మిల్టన్ కీన్స్‌లోని ఆ చిన్న కమ్యూనిటీ రేడియో ఆదివారం సాయంత్రం తెలుగువాళ్ళకి అరగంట ఇస్తుంది. పాటలు వేసే ఆయన వేరే ఊరు హేస్‌కి ఇల్లు మారిపోతే ఆ అరగంట ఖాళీ పడింది. ఎవరైనా వస్తారా అని అడిగితే చెయ్యెత్తింది హైమ ఒక్కతే. అది కూడా పాటలకి కాదు. నూరేళ్ళనాటి అమెరికన్ కవయిత్రి కోరా విథర్‌బీ జీవితకథ చెబుతానంది. కమిటీవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని సరేనన్నారు. వేరే గతి లేదు మరి!

ఈ కోరా ఎవరు, అమలాపురం పిల్లకి ఆవిడతో చుట్టరికం ఏమిటి అంటారా? చెప్తాను.

హైమ సాఫ్ట్‌వేర్ టెస్టర్. కొత్తగా కట్టిన ఇళ్ళ కాలనీలో ఒక ఇంట్లో గది అద్దెకి తీసుకుంది. కింద ఇద్దరు, పక్కన ఒకరు ఉంటారుగానీ వంటింట్లో ఎదురైతే ‘యూ ఆల్‌రైట్?’ అని, జవాబు వినకుండా వెళ్ళిపోతారు. ఆ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూస్తే సోమవారం దాకా ఆమెతో మాట్లాడేది సూపర్ మార్కెట్‌లో బిల్లు వేసే మెషీన్ ఒక్కటే. అదే నయం, చివర్లో థాంక్యూ అంటుంది.

అలాంటి ఒక శనివారం లైబ్రరీలో కోరా పుస్తకం దొరికింది. ఆదివారం సాయంత్రం అద్దెగదిలో కెటిల్ పెట్టుకుని, ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని భయపడే ఆడమనిషి మీద ఒక పద్యం ఉంది అందులో. హైమ అక్కడే నిలబడి ఏడ్చేసింది.

అలా మొదలయ్యాయి ఆదివారాలు. చేపలు డబ్బాల్లో కుక్కే ఫ్యాక్టరీ ఊళ్ళో పుట్టి, పదిహేనో ఏట అదే ఫ్యాక్టరీలో కత్తి పట్టిన కోరా. బోస్టన్ వెళ్ళి టైపిస్టు ఉద్యోగం చేస్తూ, ఆఫీసు కాగితాల వెనక కవిత్వం రాసిన కోరా. మొదటి పుస్తకంతో పేరొచ్చి, రైళ్ళలో ఊరూరా తిరిగి చదివితే జనం టిక్కెట్లు కొని మరీ విన్న కోరా. ‘ఒంటరితనానికి మహారాణి’ అని పత్రికలు రాశాయి. ఆవిడ కాదనలేదు.

“ఈవిడకి ఫ్రెండ్స్ లేరా?” అన్నాడోసారి మణిదీప్, కారు నడుపుతూ. బస్సు గంటకొకటి కాబట్టి, ప్రోగ్రాం అయ్యాక హైమని ఇంటి దగ్గర దింపడం అతనికి అలవాటైపోయింది.

“ఒంటరిగా ఉండడం ఆవిడ ఎంచుకున్నదండీ. అదొక బలం.”

“బలమా? హాల్ నిండా జనం క్లాప్స్ కొట్టాక హోటల్ రూముకెళ్ళి ఒక్కతే సూప్ తాగిందని చెప్పావ్... చెప్పారు. నాకైతే పాపం అనిపించింది.”

హైమ ఒళ్ళో స్క్రిప్టు సర్దుకుంది. తను కూడా సూపే తాగుతుంది రోజూ.

అతను పుట్టింది, పెరిగింది గంట దూరంలోని స్టాన్‌మోర్‌లో. వారమంతా ఇక్కడ ఒక సౌండ్ కంపెనీలో పని, వారాంతం అమ్మ దగ్గర. ఆదివారం మధ్యాహ్నానికి అమ్మ కట్టిచ్చిన డబ్బాతో తిరిగొస్తాడు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం ఒక్కో మాటా తడుముకుంటాడు. అయినా హైమతో తెలుగే మాట్లాడేవాడు. ఒకరోజు ఇల్లు తొందరగా రాకూడదన్నట్టు కూడలిలో ఒకే రౌండబౌట్ రెండుసార్లు చుట్టాడు. హైమ చూసింది. చూసి, కిటికీవైపు తిరిగి ఊరుకుంది.

“మన ప్రోగ్రాం ఎవరైనా వింటున్నారంటారా?” అని అడిగింది.

స్టూడియో ఫోను ఇంతవరకు ఒక్కసారి కూడా మోగలేదు. అతను ఏదో చెప్పబోయి మానేశాడు.

“నేను వింటున్నాగా,” అన్నాడు.

ఆ వారమే ఆఫీసులో చెప్పారు. ఇక్కడి ప్రాజెక్టు అయిపోతోంది, ఎడిన్‌బరోలో చోటుంది, వెళ్తావో లేదో ఫలానా సోమవారం లోపు చెప్పమన్నారు. వెళ్ళకపోతే ఇక్కడే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి. ఆ సోమవారం చివరి ఎపిసోడ్ మర్నాడే. ఎక్కడైనా గది గదే కదా అనుకుంది హైమ. అయినా వెళ్తానని మెయిల్ కొట్టడానికి చెయ్యి రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకి బాగానే తెలుసు. ఆ ‘ఎందుకు’ ప్రతి ఆదివారం అద్దానికవతల హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుంటుంది.

ఆ ఆదివారం వాన దంచేస్తోంది. ఇంటి ముందు కారు ఆపి, స్టీరింగుతో మాట్లాడుతున్నట్టు అన్నాడు మణిదీప్.

“శనివారం లేక్ దగ్గర కేఫ్‌కి... రండి. మూడింటికి. ప్రోగ్రాం గురించి కాదు. ఊరికే. ఈసారి స్టాన్‌మోర్ లేటుగా వెళ్తా.”

హైమకి ఎగిరి గంతెయ్యాలని ఉంది. కానీ మన ఇళ్ళల్లో ఒక్క పిలుపుకి కదిలేదెవరు? రెండోసారి పిలవాలి, మూడోసారి బతిమాలాలి, అప్పుడు గానీ చెప్పుల్లో కాళ్ళు పెట్టం.

“చూద్దాం,” అంది సిగ్గుపడుతూ. తలుపు తీసి, హ్యాండ్‌బ్యాగు నెత్తిన పెట్టుకుని, “సరేనండీ, వస్తాను,” అనేసి వానలో ఇంట్లోకి పరిగెత్తింది.

రెండో పిలుపు కోసం చూసింది. సోమవారం రాలేదు, బుధవారం రాలేదు. శుక్రవారం వస్తుందిలే అనుకుంది. శనివారం మూడింటికి కాటన్ చుడీదార్ ఇస్త్రీ చేసి వేసుకుని, ఫోను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంది. వాన పడుతూనే ఉంది. ఫోను మాత్రం ఉలకలేదు, పలకలేదు. మొహమాటానికి పిలిచాడు, అంతే. పిచ్చిదాన్ని, రౌండబౌట్లు లెక్కపెట్టుకున్నాను అని తనని తనే తిట్టుకుంది.

మర్నాడు అతని మొహం మాడిపోయి ఉంది. “లెవెల్స్ ఓకే” తప్ప ఒక్క మాట లేదు. ప్రోగ్రాం అయ్యాక, “నాకు పనుంది,” అన్నాడు ఇంగ్లీషులో.

హైమ బస్ షెల్టర్లో కూర్చుంది. పిలిచి పిలవనట్టు ఉన్నది అతను, కోపమేమో తన మీదా! ముక్కు ఎగబీలుస్తూ అనుకుంది, ఎడిన్‌బరోయే మేలు. అక్కడైతే దింపే కారు ఉంటుందని ఆశపడనక్కర్లేదు.

ఆఖరి ఆదివారం. ఎర్రలైటు వెలిగింది. మణిదీప్ తలెత్తకుండా చెయ్యూపాడు. హైమ మొదలుపెట్టింది.

కోరా జీవితంలో ఒక్కడున్నాడు. థామస్, ఓడలో వైర్‌లెస్ ఆపరేటరు. అతనికి లివర్‌పూల్‌లో ఉద్యోగం దొరికితే, ఓడ ఎక్కేరోజు ఆవిడ రేవుకి వెళ్ళింది. అతను ఉండమంటావా అన్నట్టు చూశాడు. ఆవిడ రమ్మంటావా అన్నట్టు చూసింది. ఇద్దరూ గుడ్‌బై అనుకున్నారు. అతను అక్కడే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు. ఆవిడ ఇంకో మూడు పుస్తకాలు రాసింది.

ఇక్కడ హైమ కాగితం పక్కన పెట్టింది. స్క్రిప్టులో లేని మాటలు వచ్చాయి.

“గుడ్‌బైకి తెలుగు ఏమిటండీ? నాకు దొరకలేదు. మనం వెళ్ళేటప్పుడు వెళ్తాను అనం కదా. గుమ్మంలో ఆ మాటంటే మా అమ్మమ్మ నెత్తిన మొట్టేది. వెళ్ళిపోతూ కూడా ‘వస్తాను’ అనే అంటాం. బై అనడానికి మన మాట అదే...”

అద్దానికవతల ఏదో కిందపడింది. మణిదీప్ లేచి నిలబడ్డాడు. నోరు తెరుచుకుని ఉంది. స్టూడియోలోకి మాట్లాడే బటన్ మీద అరిచెయ్యి బలంగా పడింది.

“వస్తాను అంటే... బై-నా?”

ఆ కేక హైమ పక్కనున్న స్పీకర్లోంచి మైకులోకి, మైకులోంచి ఊరంతటికీ వెళ్ళింది.

“ఆఁ... అంటే...” హైమ నీళ్ళు నమిలింది.

“నువ్వు వస్తానన్నావ్! కేఫ్ మూసేదాకా కూర్చున్నా! తర్వాత బయట వానలో నిలబడ్డా!”

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, లైవ్‌లో ఉన్నామని. చేతికందిన పాట ఒకటి వేసేశాడు. ఎర్రలైటు ఆరింది. హైమ పరుగున కంట్రోల్ రూములోకి వచ్చింది.

“అయ్యో రామ! నేను రాకపోతే ఒక్క ఫోనైనా చెయ్యకూడదా? మళ్ళీ పిలుస్తారని నేను వారమంతా చూశాను!”

“వస్తానన్న మనిషిని మళ్ళీ ఎందుకు పిలుస్తారు?”

“ఒక్కసారి పిలిచి ఊరుకుంటారా ఎవరైనా?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సరిగ్గా అప్పుడే స్టూడియో ఫోను మోగింది. పుట్టి బుద్ధెరిగి మోగని ఫోను! మణిదీప్ ఉలిక్కిపడి స్పీకర్ నొక్కాడు.

“హలో, నేను నాగజ్యోతినమ్మా, స్టాన్‌మోర్ నుంచి. మణిదీప్ వాళ్ళమ్మని. ప్రతి ఆదివారం ఆన్‌లైన్‌లో వింటాను. నీ ఒత్తులు ఎంత బావుంటాయో!”

హైమకి కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళూ గోడకి చెప్పుకుంటున్నాననుకుంది.

“నమస్తే ఆంటీ,” అంది మెల్లగా.

“వాడు నిన్న కాదు, అంతకుముందు శనివారం తడిసి ముద్దయి వచ్చి, అన్నం మానేసి పడుకున్నాడు. అడిగితే చెప్పడే! వాడికి వస్తాను అంటే ఏంటో నేర్పకపోవడం నా తప్పేలే. కానీ ఒక్క మాట. అడగందే అమ్మయినా పెట్టదు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, నోళ్ళు ఎందుకున్నాయి? సరే, పాట అయిపోతోంది, పోమ్మా.”

హైమ మైకు ముందుకి వచ్చింది. ఎర్రలైటు. ‘కోరా ఒంటరితనాన్ని ఏరికోరి వరించింది’ అని స్క్రిప్టులో ఆఖరి వాక్యం. ఎంతో ఇష్టపడి రాసుకుంది. ఇప్పుడు చదవబోతే నోరు రాలేదు.

“కోరా అద్దెగదిలో, ఎవరూ లేకుండానే కన్నుమూసింది. అది ఆవిడ ఎంచుకున్నదని నేను ఇన్నాళ్ళూ మీకు చెబుతూ వచ్చాను. తప్పు చెప్పాను. ఆవిడ అడగలేదు. ఆవిడ్ని ఎవరూ అడగలేదు. ఆ పద్యాలన్నీ ఆ రేవులో అనకుండా మిగిలిపోయిన మాటలే. బంగారం లాంటి పద్యాలు, కాదనను. కానీ ఆవిడ చల్లారిన సూపు తాగుతూ వాటిని రాసిందండీ.”

లైటు ఆరింది. మణిదీప్ తలుపు తీసుకుని వచ్చి నిలబడ్డాడు. హైమ అతనికి ఎదురుగా వచ్చింది. ఇంకోసారి పిలిపించుకునే ఓపిక ఆమెకి లేదు.

“రేపు ఎడిన్‌బరోకి జవాబు చెప్పాలండీ. వెళ్ళాలని లేదు. ఒంటరిగా ఉండి ఉండి విసిగిపోయాను. మీరంటే నాకిష్టం.”

అతను తెలుగు కోసం వెతుక్కున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

“ఉండు,” అన్నాడు.

హైమ తొందరపడలేదు. ఈ తెలుగుని నమ్మి ఇప్పటికే ఒక శనివారం పోగొట్టుకున్నారు.

“ఉండు అంటే... ఒక్క నిమిషం ఆగమనా? ఇక్కడే ఉండిపొమ్మనా?”

మణిదీప్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“రెండూ,” అన్నాడు. “ముందు ఆగు, నేను ఏడవకుండా ఇంకో మాట చెప్పాలి.”