ఎనిమిదిన్నరకు ఆడే మోటరు

సోమందేపల్లి దాటి పెనుకొండ దిక్కు వస్తుంటే, హైవే మీది నుంచి ఎడమ పక్కకు ఒక మట్టిదారి దిగుతుంది. రాత్రి ఎనిమిది దాటితే ఆ దారిలో మనిషి నడవడు. మనిషి దాకా ఎందుకు, కుక్క నడవదు. కుక్క దాకా కూడా ఎందుకు — గాలి సైతం ఆ మలుపు కాడికి వచ్చి, ఒక క్షణం నిలబడి, చుట్టు తిరిగి పోతుంది.

ఆ దారి చివర ఉంది గంగాధరప్ప బోరు.

చుట్టూ మూడెకరాల మల్బరీ తోట. నడుమ రేకుల గూడు. గూట్లో స్టార్టరు పెట్టె. ఎనిమిది నెలల కింద, ఒక వాన రాత్రి, ఆ పెట్టె మీద చెయ్యి పెట్టిన గంగాధరప్ప మళ్ళీ ఆ చెయ్యి తియ్యలేదు.

కరెంటుకు రైతులు పోవడం మన సీమలో కొత్త సంగతి కాదు. కొత్త సంగతి ఏమిటంటే... ఆయన పోయిన మూడో వారం నుంచి, రాత్రి ఎనిమిదిన్నరకు ఆ మోటరు దానంతట అదే ఆడుతోంది.

అది మామూలు స్టార్టరు కాదు, సెల్లు స్టార్టరు. లోపల సిమ్ము ఉంటుంది. ఇంట్లో మంచం మీద నుంచి ఫోను కొడితే, అరమైలు అవతల మోటరు లేచి నీళ్ళు పోస్తుంది. ఇంకోసారి కొడితే ఆగుతుంది. అయితే ఎవరు పడితే వాళ్ళు కొడితే వినదు — గంగాధరప్ప నంబరు ఒక్కదానికే పలుకుతుంది. దాన్ని బిగించిన రోజు ఆయన ఏడూళ్ళ జనాన్ని పిలిచి చూపించాడు. ఆ నీటి ధార ఎగిరి హిందూపురం రైలు అద్దాలు కడిగిందని చూసినవాళ్ళు చెబుతారు.

మరి ఆయన ఫోను?

ఆ రాత్రి నుంచి కనబడలేదు. చొక్కా జేబులోనే ఉండి, ఆయనతో పాటు మట్టిలోకి పోయిందని ఊరు తీర్మానించింది.

అంటే...

"గుంతలోంచే కొడతాండాడప్పా ఫోను," అన్నాడు పోతులయ్య, టీకొట్టు బల్ల మీద గొంతు తగ్గించి. "నేను కండ్లారా చూసినా. తెల్లచొక్కా. కాళ్ళు లేవు."

సరిగ్గా అప్పుడే హిందూపురం కాలేజీ నుంచి బస్సు దిగి వస్తోంది తనూజ. గంగాధరప్ప ఒక్కగానొక్క కూతురు. పదహారేండ్లు. ఆ పిల్ల కోపం సంగతి చెప్పాలంటే ఈ రాత్రి చాలదు — ఒక్క చూపు చూస్తే లేపాక్షి బసవన్న లేచి పక్కకు జరిగేవాడు. ఆ రోజు ఆ కోపం ఇంకా ముదిరి ఉంది. బస్సులో ఎవరో, "దెయ్యం కూతురు వచ్చిందబ్బా, సీటియ్యండి," అన్నారు. అన్నవాని చెంప మీద అయిదు వేళ్ళూ దిగే ఉన్నాయి.

"ఏం మామా," అంది తనూజ, టీకొట్టు ముందర ఆగి. "తెల్లచొక్కాతో చూసినావా మా నాయన్ను?"

"చూసినా పాపా. అబద్ధం చెప్తే నా నోరు పడిపోనీ."

"బతికినన్ని దినాలు మా నాయనకు తెల్లచొక్కానే లేదు. సచ్చినాక యాడ కుట్టించుకున్యాడు?"

బల్ల మీద ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. పోతులయ్య ముఖం మాడింది.

"నవ్వుకో పాపా. ఆదివారము గుడిబండ నుంచి మంత్రగాడు వస్తాండాడు. బోరు నోట్లో రాళ్ళు పోసి, మీ నాయన్ను ఆడనే కట్టేస్తాడు. మీ యమ్మ కూడా సరేననింది." ఒక గుక్క టీ తాగాడు. "అయినా... ఒట్టికాళ్ళతో ఏమిటికి పోయినాడో ఆ మనిషి. దినామూ టైరు చెప్పులు ఏసుకునే పోతాండె కదా. ఆపొద్దే ఏమయిందో..."

తనూజ బ్యాగు భుజానికి ఎగదోసుకుని ఇంటి దిక్కు నడిచింది.

ఏమయిందో ఆ పిల్లకు తెలుసు. ఈ భూమి మీద ఆ పిల్ల ఒక్కదానికే తెలుసు.

ఆ సాయంత్రం తన చెప్పు తెగితే, నాయన టైరు చెప్పులు వేసుకుని స్నేహితురాలు చందన ఇంటికి పోయింది. వాన పట్టుకుంది. వాన నిలిచినాక కూడా కబుర్లలో పడి కూర్చుంది. ఇక్కడ ఇంట్లో నాయన ఫోను కొడితే మోటరు లేవలేదు. ఏమయిందో చూద్దామని నాయన బయలుదేరాడు. గడప కాడ చెప్పుల కోసం తడుముకుని ఉంటాడు... దొరికి ఉండవు. కూతురు వచ్చేదాకా ఆగలేదు.

"రబ్బరు కాలికింద ఉన్నంతవరకు కరెంటు నన్నేం పీకలేదు పాపా," అని నూరుసార్లు చెప్పిన మనిషి, ఒట్టికాళ్ళతో తడినేల తొక్కుకుంటూ పోయాడు.

తనూజ ఆ చెప్పులను అటక మీద, సద్దల సంచి వెనక దాచేసింది. ఆ రోజు నుంచి ఊళ్ళో చెప్పు తొడగలేదు. నాయన మీది దుఃఖమని అందరూ అనుకున్నారు. దుఃఖం కాదు. కోపం. ఊరి మీద, ఆ పెట్టె మీద, తన మీద... అన్నిటికంటే ఎక్కువ, ఆగకుండా పోయిన ఆ మనిషి మీద.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు అమ్మ పుష్పావతి షెడ్డులో పట్టుపురుగులకు ఆకు వేస్తోంది. అవ్వ పెరట్లో ఎక్కడో ఉంది. తనూజ టార్చి పట్టుకుని మట్టిదారిలో దిగింది.

దెయ్యాలను కట్టేసే మంత్రగాళ్ళు కూడా తొక్కని దారి అది. కంపచెట్లు బట్టలు పట్టి లాగుతున్నాయి. మల్బరీ ఆకులు... ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నాయి. కాలికింద మట్టి చల్లగా, తడిగా ఉంది. వాన పడి పది దినాలయింది. తడి ఎక్కడిది? — నిన్న రాత్రి ఆడిన మోటరుది.

గూడు ముందర నిలబడి టార్చి ఆర్పేసింది.

చీకటి.

"నాయనా," అని పిలిచింది, మెల్లగా.



"ఉంటే బయటికి రా. ఆదివారము వచ్చి నిన్ను కట్టేస్తారంట. నాతో మాట్లాడేది ఉంటే ఈపొద్దే మాట్లాడు."

ఒక కీచురాయి ఆగింది. ఇంకోటి ఆగింది. తోటంతా ఊపిరి బిగబట్టినట్టు...

టక్!

పెట్టెలో ఏదో కదిలింది. చీకట్లో ఒక పచ్చటి చుక్క వెలిగింది — పిల్లికన్నులాగా. భూమి అడుగు నుంచి మూలుగు. అది పెరిగి, పెరిగి, గొట్టం వణికి — భళ్ళున నీళ్ళు ఎగిరి తనూజ కాళ్ళ మీద పడ్డాయి.

ఇంకొకరయితే అక్కడే పడిపోయేవారు. గుండెలు తీసిన బంట్లు కూడా పడిపోయేవారు. ఈ పిల్ల అరిచింది. ఆ అరుపుకు పెనుకొండ కోట మీద గబ్బిలాలు వేలకు వేలు లేచి, తెల్లారేదాకా దిగలేదు.

"ఏమిటికి పోయినావు చెప్పుల్లేకుండా? అర్ధగంట ఆగలేకపోయినావా? వస్తాంటి కదా నేను! తెస్తాంటి కదా!"

పచ్చచుక్క ఆరుతూ, వెలుగుతూ ఉంది.

అరిచి అరిచి గొంతు బొంగురు పోయినాక, ఆ చుక్క ఏమిటో తట్టింది. సిమ్ముకు ఫోను వచ్చినప్పుడు వెలిగే దీపం అది. నాయనే చూపించాడు. అంటే... ఎవరో ఇప్పుడే ఫోను కొట్టారు. బతికున్నవాళ్ళు ఎవరో. నాయన ఫోను దొంగిలించి, నాయన్ను దెయ్యం చేసి ఆడిస్తున్నారు!

ఎండుపుల్ల తీసుకుని ఎర్రబొత్తాం పొడిచింది. మోటరు ఆగింది. మూత లాగి లోపల వేళ్ళు పెట్టింది. జిల్లుమని అరికాలి నుంచి మోకాలి దాకా చీమలు పాకాయి — అయినా వదల్లేదు. సిమ్ము పీకి పిడికిట్లో బిగించుకుని, ఊరి దిక్కు నడిచింది. ఆ ఫోను ఎవరి చేతిలో ఉన్నా, ఆ చెయ్యి విరిచేస్తానని పండ్లు కొరుకుతూ.

పెరటి తలుపు తోసింది. గాదె వెనక సన్నటి వెలుగు.

అవ్వ ఈరక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో వక్కాకు సంచి. చెవి దగ్గర... అంకెలు అరిగిపోయిన నాయన బటన్ల ఫోను.

"అవ్వా!"

"ష్..." అంది ఈరక్క. "అరవగాకు. మీ నాయనతో మాట్లాడతాంటి. నడమలోనే పెట్టేసినాడు."

తనూజ వంగి ఫోను దిక్కు చూసింది.

"కడసారి నీళ్ళు పోసేటప్పుడు వాని జేబులోంచి నేనే తీసి పెట్టుకున్యా. మీ యమ్మతో అనగాకు. నాకు చదువు యాడిది పాపా? ఈ పచ్చబొత్తాము రెండుసార్లు వాడు దినామూ నొక్కేది చూసినా. వాడు నొక్కే యాలకు నేనూ నొక్కితే... ఎత్తుతాడే!" ముసలి కళ్ళు మెరిశాయి. "మాట్లాడడు. గుయ్యిమంటాది, అంతే. ఎత్తుతాడు కదా, నాకది చాలు. నేను ఏం తిన్యానో, నువ్వు ఎవురితో కొట్లాడినావో అంతా చెప్తా. పండుకునే ముందర ఇంకోసారి కొట్టి, పండుకో కొడుకా అని చెప్తా."

ఊరిని ఏడు నెలలకు పైగా గడగడలాడించిన దెయ్యం — పండ్లు లేని ఈ ముసలిది. గుంతలోంచి పలికింది నాయన కాదు, రేకుల గూట్లో పెట్టె.

చెప్పేద్దామని నోరు తెరిచింది తనూజ. కానీ విరిచేస్తానన్న చెయ్యి ఫోనును తుడుస్తోంది, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు. సిమ్మున్న పిడికిలిని వెనక దాచుకుంది.

"ఈపొద్దు నిద్ర వస్తాండాది. ఇప్పుడే చెప్పేస్తా వానికి," అని అవ్వ పచ్చబొత్తాం నొక్కింది. ఒకసారి. రెండోసారి.

ఇంక ఎత్తడు. ఎప్పటికీ ఎత్తడు. పిడికిట్లో సిమ్ము గుచ్చుకుంటోంది. ఆ రోజు చెప్పులు తీసుకుపోయింది. ఈ రోజు ఇది. రెండుసార్లూ తనే.

అవ్వ చెవి ఒగ్గి వింటోంది.

"ఆఁ... కొడుకా," అంది.



"ఆఁ... ఇనపడతాండాది... ఆఁ. చెప్తాలే." ఫోను దించి, అవ్వ మనవరాలి దిక్కు తిరిగింది. "మాట్లాడినాడే పాపా. ఇన్నాళ్ళకు మాట్లాడినాడు."

"ఏ... ఏమన్యాడు?"

"నాకేం తెలీలేదే. టైరు చెప్పులు అటక మీద పెట్టేకి కాదంట. బోరుకాడికి పోయేటప్పుడు పాపనే ఏసుకోమను అన్యాడు." అవ్వ వంగి, మనవరాలి కాళ్ళ వైపు చూసింది. "యాడికి పోయినావే, ఒట్టికాళ్ళతో?"

తనూజ పిడికిలి విప్పింది.

సిమ్ము అరచేతిలోనే ఉంది.

ఆదివారం గుడిబండ మంత్రగాడు ఆటోనిండా నిమ్మకాయలతో వచ్చాడు. బోరు గట్టున ఒక పిల్ల కూర్చుని ఉంది, కాళ్ళకు తనకంటే రెండింతలు పెద్ద టైరు చెప్పులు. ఆ పిల్ల ఒక్క చూపు చూసింది. ఆటో వచ్చిన దారినే, వెనక్కి వెనక్కే, హైవే ఎక్కింది.

సిమ్ము ఇప్పటికీ తనూజ కాలేజీ బ్యాగులో ఉంది, పెన్నుల డబ్బాలో. పెట్టెలో మళ్ళీ వెయ్యలేదు.

మోటరు మాత్రం... ఎనిమిదిన్నరకు ఆడుతూనే ఉంది.